ఎవరి సీసాలు వాళ్ళకు

ఖాళీ డబ్బాను కాలికింద వేసి తొక్కడమే పద్ధతని నాకు తెలియదు. మొన్న మా మనవరాలు స్నేహ నన్ను ఎల్బీనగర్ దగ్గర ఒక మైదానంలో జరిగిన పాటల పండుగకు లాక్కుపోయింది. "అమ్మమ్మా, నువ్వు ఊరికే కుర్చీల కూసుంటే చాలు, పాటలు నచ్చకపోతే చెవుల దూది పెట్టుకో" అని ముందే చెప్పింది. తీరా చూస్తే తను వచ్చింది పాటలు వినడానికి కాదు. చేతులకు తొడుగులు, మెడలో పేరు రాసిన గుర్తింపు బిళ్ళ, భుజాన పెద్ద సంచి. జనం తాగి పడేసిన కూల్‌డ్రింకు డబ్బాలు ఏరి, ఒక్కొక్కదాన్నీ బూటుకాలితో పచక్కున తొక్కి, అప్పడంలా చేసి సంచిలో వేస్తున్నారు తనూ, తన స్నేహితులూ. మొదటి డబ్బా నలిగిన చప్పుడుకి నేను కుర్చీలోంచి లేచి నిలబడి, "అయ్యయ్యో, పాడు చెయ్యకే!" అని అరిచాను. చుట్టుపక్కల పిల్లలు పకపకా నవ్వారు. స్నేహ పరుగున వచ్చి, "ఇవన్నీ కరగబెట్టి మళ్ళ కొత్త డబ్బాలు చేస్తరు అమ్మమ్మా. తొక్కితేనే సంచిల ఎక్కువ పడ్తయి" అని నచ్చజెప్పింది. అర్థమైంది. అర్థమైనా, తొక్కినప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తూనే ఉంది. నేను పెరిగిన ఇంట్లో ఖాళీ సీసా ఒకటి పగిలితే మా అమ్మ ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. మా చిన్నప్పుడు ఆ రోడ్డుకి అడ్డంగా బర్రెలు పడుకునేవి. విజయవాడ బస్సు హారను కొట్టీ కొట్టీ విసుగెత్తి, డ్రైవరు దిగి అదిలిస్తే గానీ లేచేవి కావు. చుట్టూ ద్రాక్షతోటలు, మధ్య మధ్య ఇళ్ళు. కొత్తపేట దాటితే గుట్టలూ, సీతాఫలం చెట్లూ. ఇవాళ ఎల్బీనగర్ చౌరస్తాలో బండ్లు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుచచ్చే చోటికి మా అమ్మ పొయ్యిలోకి పుల్లలు ఏరడానికి పోయేది. మా నాయన ఇమ్మానుయేలు, అమ్మ శాంతమ్మ నల్లగొండ వైపు పల్లె నుంచి పట్నం చేరి, రోడ్డు పక్కన రెండు గదుల రేకుల ఇల్లు కిరాయికి తీసుకుని గోలీసోడా మిషను పెట్టుకున్నారు. ముందు గదిలో మిషను, వెనక గదిలో మేము. పెద్ద గది మిషనుదే. వానొస్తే కారేది మాత్రం మా గది.

మా ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. తడి గోనెపట్టాలు, పిండేసిన నిమ్మతొక్కలు, సీసా మూతుల్లో పెట్టే రబ్బరు ఉంగరాలు, సీసాలు కడిగే తొట్టి అడుగున పేరుకున్న బూడిద, ఇవన్నీ కలిసిన వాసన. తెల్లారకముందే నాయన ప్రార్థన చేసుకుని మిషను దగ్గరికి వచ్చేవాడు. సీసాను ఇనుప చట్రంలో బిగించి, గ్యాసు వదిలి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పేవాడు. ఇల్లంతా గడగడమని అదిరేది. ఆ చప్పుడుతో పాటే ఆయన కీర్తన ఎత్తుకునేవాడు. పాట చరణం పూర్తయ్యేసరికి సీసాలో గోలీ ఎగిరి మూతికి అంటుకుని ఉండాలి, అదీ లెక్క. పాట ఆగిందంటే సీసా పేలిందన్నమాట. అప్పుడు అమ్మ చేతిలో పని వదిలేసి ముందు ఆయన మొహం చూసేది, తర్వాత చేతులు చూసేది, ఆ తర్వాతే నేల మీది గాజుముక్కల వంక చూసి నిట్టూర్చేది. సీసాలు ఎక్కడో దూరదేశం నుంచి రైల్లో రావాలి. ఉన్నవాటిని కంటికి రెప్పలా కాచుకోవాలి తప్ప కొత్తవి కొనే తాహతు మాకు లేదు.

అందుకే సోడా అమ్మడం ఒక ఎత్తు, ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోవడం ఒక ఎత్తు. బోనాలొచ్చినా, పీర్ల పండుగొచ్చినా, మా క్రైస్తవుల ఉజ్జీవ సభలు పందిళ్ళ కింద జరిగినా, రాజకీయాల వాళ్ళు మైకులు పెట్టినా మేము సీసాల పెట్టెలతో అక్కడ ఉండాల్సిందే. పెద్దవాళ్ళతో చిక్కు లేదు, తాగి ఇచ్చేస్తారు. పిల్లలే దొంగలు. లోపలి గోలీ కోసం సీసాను ఏ రాయికో వేసి కొట్టేస్తారు. దీనికి మా అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. పేలిపోయిన సీసాల్లోంచి తీసిన గోలీలను కొంగున మూటగట్టుకుని వచ్చేది. "సీసా సక్కగ తెచ్చియ్యి బిడ్డా, నీకు ఆడుకోనీకి గోలీ ఇస్తా" అనేది. ఇంకేం, పిల్లలే మా పనివాళ్ళయిపోయేవారు. మైదానం నలుమూలల నుంచీ సీసాలు మోసుకొచ్చి అమ్మ చుట్టూ మూగేవారు. మా అన్న దావీదు గోనెసంచి పట్టుకుని జనం కాళ్ళ సందుల్లోంచి దూరి మిగతావి ఏరుకొచ్చేవాడు. అప్పటికి వాడు కాలేజీలో చేరాడు, మీసాలు కూడా వచ్చాయి. అయినా సంచి మోయడానికి నామోషీ పడేవాడు కాదు.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉండేది. మూసారాంబాగ్‌లో వెంకటరత్నం గారని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆయన మరో సోడా మిషను నడిపేవాడు. మా సీసాల మెడకి తెల్ల రంగు గీత, ఆయన సీసాలకి నీలం గీత. మైదానంలో సీసాలు కలిసిపోతాయి కదా, ఎవరికి దొరికినవి వాళ్ళు తెచ్చేసుకుంటే తగాదాలే. అందుకని ఎవరి సీసా కనబడినా నేల మీద వదలకుండా తెచ్చి, ఆదివారం మేము గుడి నుంచి వచ్చాక మార్చుకునేవాళ్ళం. రత్నంగారు సైకిలు మీద పెట్టె కట్టుకుని వచ్చేవాడు. ఆయనవి ఆయన ముందుకీ, మావి మా ముందుకీ. ఇన్ని తెచ్చావా అన్ని తెచ్చావా అనే మాటే ఉండేది కాదు. పండుగల్లో గిరాకీ కోసం మా నాయనా ఆయనా పోట్లాడుకున్న మాట నిజమే. "ఇమ్మానుయేలూ, నా బేరం చెడగొడుతున్నావయ్యా!" అని ఆయన అరిస్తే, "నీ సోడాల గ్యాసు లేకపోతే నేనేం జేస్త?" అని మా నాయన అనేవాడు. ఎంత పోట్లాడుకున్నా ఒకరి సీసా ఒకరు దాచుకున్నది లేదు. "మంది సీసా మన ఇంట్ల ఉంటే మన సీసా గూడ నిలువదు" అని అమ్మ మా చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పేది. ఏది మనది, ఏది కాదు అని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పడం మాకు ఉగ్గుపాలతో పెట్టిన చదువు. ఆ చదువే మా కొంప ముంచబోయింది.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి చెలరేగిన అరవై తొమ్మిదో ఏడు అది. బడులు మూశారు, కాలేజీలు మూశారు. రోజూ ఏదో ఒక మూల సభ, లేదంటే ఊరేగింపు, లేదంటే బందు. అన్న కూడా ఆ గాలిలోనే ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తి "జై తెలంగాణ" అనేవాడు, రెండో చేత్తో గోనెసంచి పట్టుకునేవాడు. ఊరేగింపులో నడుస్తూ నడుస్తూ ఖాళీ సీసా కనబడితే వంగి తీసుకునే ఉద్యమకారుడు ఈ లోకంలో మా అన్న ఒక్కడే అయి ఉంటాడు. నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నవ్వులాట కాదు. గొడవలు ముదిరినకొద్దీ పోలీసులకు సోడాసీసా అంటే కంటగింపు అయిపోయింది. ఎక్కడ రాళ్ళు పడినా వాటితో పాటు సీసాలూ పడేవి. ఇటు ఆంధ్ర నుంచి వచ్చిన వాళ్ళ దుకాణాల మీద అల్లరిమూకలు పడుతున్నాయని వినేవాళ్ళం. ఒకరోజు రత్నంగారి దుకాణం అద్దాలు కూడా ఎవరో పగలగొట్టి, సీసాలు ఎత్తుకుపోయారు. నాయన ఆ వార్త విని ఆ రోజంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. "గా మనిషి ఎవరి జోలికి పోయిండు? ఎవరిదన్న తిన్నడా?" అని గోడలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

అది జరిగిన రెండు రోజులకే మలక్‌పేట వైపు ఒక మైదానంలో పెద్ద సభ జరిగింది. ఎండలు మండిపోతున్నాయి. నాయన అరచెయ్యి సీసా పేలి కోసుకుపోయి కట్టుతో ఉంది. అందుకని సోడాపెట్టెలతో అన్ననీ, పక్కింటి తోపుడుబండి ఆయననీ పంపాడు. మధ్యాహ్నం దాటాక బండాయన ఒక్కడే వగరుస్తూ వచ్చాడు. సభలో లాఠీలు విరిగాయని, జనం పరుగులు తీశారని, తను పెట్టెలు బండిలో వేసుకుని బయటపడ్డానని చెప్పాడు. "దావీదు ఏడి?" అని అమ్మ అడిగింది. "ఖాళీ సీసలు ఏరుకోని ఒస్తనని ఎనుకకు పోయిండు శాంతమ్మా. నేను ఒద్దంటనే ఉన్న" అన్నాడు ఆయన. మా అమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ సాయంత్రం అన్న రాలేదు. ఆ రాత్రి సంగతి నేను రాయను, రాయడానికి చేతులు రావు.

పొద్దున పాలు పోసే ఎల్లయ్య చెప్పాడు, అన్నని పోలీసు బండి ఎక్కించడం తను కళ్ళారా చూశానని. నాయన అప్పటికే దవాఖానలు వెతకడానికి పోయాడు. ఇంట్లో ఉన్నది అమ్మా, నేనూ. అమ్మ మొహం కడుక్కుని, గుడికి కట్టుకునే చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఠాణాకు బయలుదేరింది. ఆ ఠాణా పేరు అనవసరం. ఆ భవనం కూడా ఇప్పుడు లేదు. వరండాలో మా సంచి కనబడింది. దాని చుట్టూ సీసాలు గుట్టగా పోసి ఉన్నాయి. అమీన్‌సాబు అనేవాళ్ళం అప్పట్లో ఇన్‌స్పెక్టరుని. ఆయన కళ్ళు ఎర్రబడి, గడ్డం మాసి, రెండు రోజులుగా కునుకు లేని మనిషిలా ఉన్నాడు. దుర్మార్గుడని మాత్రం చెప్పలేను.

"సారూ, నా కొడుకు సీసలు ఏరుకోనీకి పోయిండు. మాది సోడా దుకాణం. మాకు గదే బతుకుదెరువు" అంది అమ్మ.

"నీ దుకాణం సీసలైతే నేనెందుకు పట్టుకుంట? మొన్న ఆంధ్రాయన దుకాణం పలగ్గొట్టిన్రు. గా దుకాణం సీసలు నీ కొడుకు సంచిల ఉన్నయ్. ఇవి నీవేనారా అని అడిగిన. నీలం గీతవి మావి కావు సార్ అన్నడు. వాని నోటితోనే ఒప్పుకున్నడు. ఇంగ నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు ఆయన.

ఓరి నా పిచ్చి అన్నా! "అన్నీ మావే సార్" అని ఒక్క ముక్క అంటే అయిపోయేది కదా. లాఠీ చేతిలో పట్టుకున్నవాడు అడుగుతుంటే కూడా ఆదివారం రత్నంగారి ముందు కూర్చున్నట్టు నీవి నీవి, మావి మావి అని వేరు చేసి చెప్పాడు. చుట్టూ దోపిడీల కాలం, చేతిలో దోచుకున్న దుకాణం సీసాలు. అమ్మ నేర్పిన నిజమే అమ్మ కొడుకుని లోపల కూర్చోబెట్టింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. అమ్మ బతిమాలింది. ఆ సీసాలు ఎలా మార్చుకుంటామో చెప్పింది. ఆయన వింటున్నాడో లేదో తెలియదు. చివరికి విసుగ్గా, "గా దుకాణపాయన ఒచ్చి చెప్తే ఇడిసిపెడ్త. పన్నెండు గంటలకు బండి ఒస్తది. ఉన్నోళ్ళందర్నీ జైలుకు తోల్తరు. అప్పుడు నా చేతుల ఏముండదు" అన్నాడు. లోపలి నుంచి అన్న గొంతు వినబడుతుందేమోనని నేను చెవులు రిక్కించాను. ఏమీ వినబడలేదు.

మూసారాంబాగ్ దాకా మేము నడిచామో పరుగెత్తామో నాకు గుర్తులేదు. అమ్మ చెప్పు ఒకటి దారిలో తెగిపోతే రెండోది కూడా అక్కడే వదిలేసిందని మాత్రం గుర్తుంది. రత్నంగారి దుకాణం చెక్కతలుపులకు తాళం. కింద అద్దపు ముక్కలు ఇంకా ఎవరూ ఊడవలేదు. ఎదురు బీడీల కొట్టు తాత మమ్మల్ని చూసి, "పొద్దుగాల్నే పెండ్లాన్ని తీసుకోని పెట్టె బేడా సదురుకోని పోయిన్రమ్మా. విజయవాడ బస్సు ఎక్కుతరట" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగింది. మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్ వైపు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. "ప్రభువా, బస్సు ఆపు. బస్సు జర ఆపు" అని అమ్మ దారంతా గొణుగుతూనే ఉంది. సముద్రాన్ని చీల్చిన దేవుడికి ఒక బస్సు ఆపడం ఏం బరువని నాకూ అనిపించింది.

రోడ్డు పక్కన ట్రంకుపెట్టె మీద కూర్చుని కనబడ్డారు ఇద్దరూ. రత్నంగారి మొహం పీక్కుపోయి ఉంది. ఆయన భార్య భ్రమరాంబ గారు కొంగు నిండా కప్పుకుని తలవంచుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి రత్నంగారు లేచి నిలబడ్డాడు. అమ్మకి ఆయాసంతో మాట రాలేదు. నేనే గబగబా చెప్పాను. అన్నని పట్టుకున్నారని, సంచిలో నీలం గీత సీసాలున్నాయని, మీరొచ్చి చెప్తే వదిలేస్తారట అని.

ఆయన రోడ్డు వంక చూశాడు, మా వంక చూశాడు. "చెల్లెమ్మా, నేను ఠాణాకి వస్తే దుకాణం పగలగొట్టిందెవరని అడుగుతారు. ఏం చెప్పమంటావు? ఎవరి పేరైనా చెబితే రేపు నన్నిక్కడ బతకనివ్వరు. చెప్పకపోతే పోలీసులు ఊరుకోరు. నాకు భయంగా ఉందమ్మా. ఉన్నమాట చెబుతున్నాను" అన్నాడు. అంత పెద్ద గొంతు మనిషి, పండుగల్లో మైదానమంతా వినబడేలా కేకలేసే మనిషి, ఆ మాట పిల్లాడిలా అన్నాడు.

"నీ భయం నాకు ఎరుకే అన్నా. రమ్మని నేను ఎట్లంట?" అంది అమ్మ. అని, ఆ మట్టిలోనే చతికిలబడిపోయింది. ఏడవలేదు. ఊరికే కూర్చుంది. అదిగో అప్పుడే బస్సు కనబడింది. బస్సుల్లేని ఆ రోజుల్లో ఎక్కడి నుంచో తప్పించుకుని వచ్చినట్టు దుమ్ము లేపుకుంటూ వచ్చి మా ముందు ఆగింది. కండక్టరు తొందరపెట్టాడు. దేవుడు మా అమ్మ ప్రార్థన తలకిందులుగా విన్నాడా ఏమిటని నాకు కోపం వచ్చింది. రత్నంగారు పెట్టె పిడి మీద చెయ్యి వేశాడు. అంతవరకూ తల ఎత్తని భ్రమరాంబ గారు ఆ చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికండీ మీరు? పిల్లాడు లోపల కూర్చుంటే మనం బస్సెక్కి కూర్చుంటామా? మన సీసాలు ఏరబోయి కదా వాడు చిక్కుకుంది! మీరు వెళ్ళి రండి. నేనిక్కడే పెట్టె దగ్గర ఉంటాను. నన్నెవరేం చేస్తారు?" అంది. కండక్టరు "ఎక్కుతారా లేదా?" అని అరిచాడు. "ఎక్కం, పోవయ్యా" అందామె. బస్సు కదిలిపోయింది. రత్నంగారు పైపంచె భుజాన సర్దుకుని, "లే చెల్లెమ్మా, పద" అన్నాడు.

ఠాణా ముందు జైలుకు పోయే బండి వచ్చి ఆగి ఉంది. పట్టుకొచ్చిన పిల్లల్ని వరసగా నిలబెట్టారు. వాళ్ళలో అన్న ఉన్నాడు. చొక్కా చిరిగి, పెదవి వాచి ఉన్నా, మనిషి నిలబడే ఉన్నాడు. అమ్మ వాడి వైపు పోబోతే కానిస్టేబులు అడ్డం వచ్చాడు. రత్నంగారు నేరుగా అమీన్‌సాబు దగ్గరికి వెళ్ళాడు.

"ఆ సీసాలు నావేనండీ. ఆ అబ్బాయి నా కోసమే ఏరాడు. వాళ్ళవి నేనూ ఏరిపెడతాను. ఎన్నో ఏళ్ళుగా మాకిది అలవాటు."

"నీ దుకాణం పలగ్గొట్టిందెవరు మరి?"

"నేను చూడలేదండీ. వీడు మాత్రం కాదు. వీడు నా సీసా పగలగొట్టేవాడైతే ఎండలో పడి ఏరి ఎందుకు మోసుకొస్తాడు?"

అమీన్‌సాబు ఆయన వంకా, అన్న వంకా, సీసాల గుట్ట వంకా చూశాడు. తర్వాత ఒక్కసారిగా అలసిపోయిన నవ్వు నవ్వి, "తీస్కపో. జల్ది తీస్కపో, నా మనసు మారకముందే" అన్నాడు. వరసలోంచి అన్నని బయటికి తోశారు. వాడు వచ్చీరాగానే అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "అమ్మా, తెల్ల గీతవి గూడ ఇయ్యమను!" మా అమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. కొట్టిన చేత్తోనే వాడి తలని గుండెకు హత్తుకుంది. జుట్టులో వేళ్ళు పెట్టి, ఎక్కడన్నా గాయం తగులుతుందేమోనని తడిమి తడిమి చూసింది. పోయిన ప్రాణం లేచొచ్చింది మాకు. ఆ వరండాలోనే రత్నంగారు కింద కూర్చుని నీలం గీతవి ఒక పక్కకీ తెల్ల గీతవి ఒక పక్కకీ జరపడం మొదలుపెట్టాడు. ఆదివారం కాకపోయినా అన్న కూడా ఆయన ఎదురుగా కూర్చుని చెయ్యి కలిపాడు. ఆయన సీసాలు సర్దుతూనే పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. బండి ఎక్కుతున్న మిగతా పిల్లల వంక చూడలేక అమ్మ మమ్మల్ని తొందరపెట్టింది. వాళ్ళకీ అమ్మలుంటారు కదా.

భ్రమరాంబ గారిని, ట్రంకుపెట్టెని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాం. అప్పటివరకూ మా ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఆమె. కులమూ మతమూ అడ్డమొచ్చేవి, ఆ సంగతి దాచేదేముంది. ఆ రోజు మా పొయ్యి దగ్గర పీట వాల్చుకుని కూర్చుని, "ముందు వాడికి పెట్టు శాంతమ్మా, తర్వాత నాకూ ఒక ముద్ద వెయ్యి, ఆకలేస్తోంది" అంది. నాయన దవాఖానలన్నీ తిరిగి వచ్చి, గడప దగ్గర అన్నం తింటున్న కొడుకుని చూసి, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. రత్నంగారు, "బస్సు పోయిందిలే, రేపు వెళతాం" అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంత పచ్చిపులుసు పోస్తూ, "రేపు గూడ బస్సు ఒస్తది, పోతది. దానికేం పని! నువ్వుండు" అంది. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. గొడవలు సద్దుమణిగాక దుకాణానికి కొత్త అద్దాలు వేయించి మళ్ళీ పోట్లాటలు మొదలుపెట్టాడు మహానుభావుడు.

మొన్న మైదానంలో మా స్నేహ సంచి భుజాన వేసుకుని గేటు దాటుతుంటే పోలీసాయన నవ్వి దారి ఇచ్చాడు. ఆ సంచిలో ఎవరి డబ్బాలున్నాయో ఎవరికీ పట్టదు. అన్నీ ఒకే గుట్టలో పడి, కరిగి, ఇంకేదో అయిపోతాయి. మంచిదే. గాజు పగిలి కాళ్ళు కోసుకునే బాధ లేదు. కానీ మెడలో బిళ్ళ లేకుండా అదే పని చేసుకుని బతికేవాళ్ళని, రోడ్డు మీద ఆపి సంచి దులిపి చూడటం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. అలా ఆపినప్పుడల్లా నాకు ఆ ఠాణా వరండా కళ్ళముందు మెదులుతుంది, ఒళ్ళు మండుతుంది. మా అన్నకి డెబ్బై దాటాయి. మన్సూరాబాద్‌లో ఉంటాడు, మోకాళ్ళ నొప్పులని ఫోనులో గంటసేపు నా ప్రాణం తీస్తాడు. నేను ఓపిగ్గా వింటాను. మోకాళ్ళు నొప్పి పెట్టేదాకా మా అన్న బతికి ఉన్నాడు, నాకు అంతకంటే ఏం కావాలి?

ఆ రోజు సంగతి ఇంకొక్కటి చెప్పాలి. అన్నం తిన్న అన్న మిషను పక్కనే నేల మీద ఒరిగి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మండువేసవి, గొడవల మధ్య కొంచెం సందు దొరికితే జనం సోడా కోసం వస్తున్నారు. వచ్చినవాళ్ళందరినీ అమ్మ గుమ్మంలోనే నిలబడి వెనక్కి పంపేస్తోంది. మా వీధి చివర ఉండే ఒకాయన ఊరుకోలేదు. "గన్ని సోడలు నింపి పెట్టుకోని లేవంటవేందమ్మా? ఒక్కటి కొట్టియ్యి, నాలిక పిడసగట్టుకపోయింది" అన్నాడు.

"గోలీ లోపలికి కొడితే సప్పుడైతది అన్నా. మా పిలగాడు ఇంట్ల పండుకున్నడు" అంది అమ్మ.

పిల్లలు ఇళ్ళకు చేరని రోజులవి. ఆయన గుమ్మంలోంచి ఒకసారి లోపలికి తొంగిచూశాడు. గొంతు తగ్గించి, "పండుకోనియ్యమ్మా, పండుకోనియ్యి" అని, వచ్చిన దారినే మెల్లగా వెళ్ళిపోయాడు.